శ్రీనుగాడి మెదడు ఫిల్ము

ఈ రోజు మా శ్రీనుగాడి మెదడు చూసి నాకు ఒళ్లు మండిపోయింది.

మాదాపూర్‌లోని మా ఆఫీసులో ఎమ్మారై స్కానింగ్ త్వరగా ముగిసేలా ఒక కొత్త ప్రోగ్రాం రాస్తున్నాం. దాన్ని ముందుగా జబ్బు లేనివాళ్ల మీద పరీక్షించాలి. అందరికంటే ముందు పేరిచ్చింది నేనే. పుస్తకాలు చూసి సొంతంగా నేర్చుకున్న పనితో నా తల లోపల ఏముందో చూసుకోవాలని ఆశ. నా పక్క సీటులో పనిచేసే శ్రీను మాత్రం బతిమాలితే ఒప్పుకున్నాడు.

స్కానింగ్ గది బయట డాక్టరమ్మ అందరినీ అడిగినట్టే నన్నూ అడిగింది. "ఎప్పుడైనా వెల్డింగ్ పని చేశావా?"

"చేసిన మేడమ్. గీ ఎదురు బిల్డింగుకే చేసిన. ఇప్పుడైతే కంప్యూటర్ పనే."

"కంట్లో ఇనుప రజను పడిందా?"

"పడ్డది. దవాఖానల తీసిండ్రు. ఇగ ఫికర్ లేదు."

"చిన్న ముక్క మిగిలినా లోపలి అయస్కాంతం దాన్ని లాగుతుంది. కన్ను పోతుంది. నువ్వు వద్దు బాబూ."

నా వంతులో శ్రీను వెళ్లాడు. ఆ మెషిన్ దడదడ చప్పుడులో హాయిగా నిద్రపోయాడు కూడా. తర్వాత టీ బండి దగ్గర ఫిల్మును ఎండకు ఎత్తి పట్టాడు.

"చూస్కో గురూ, నాకు మెదడుందని తేలిపోయింది. నీదింకా అనుమానమే."

బొమ్మ అద్దంలా వచ్చింది. కాస్త మసకగా ఉన్నా నా కడుపు చల్లబడేది. కానీ ఆ మసక పోగొట్టే భాగం రాసింది నేనే.

మీలో ఎవరైనా మీ మెదడు బొమ్మ చూసుకున్నారా? ఎలా ఉంటుందో చెప్పండి. ఫిల్ము మాత్రం నా ముందుకు తేకండి.