ఇద్దరి మధ్య బీరువా

2020 వానాకాలంలో, రిటైర్మెంటుకు నాలుగు నెలల ముందు, సూరత్ దగ్గరి ఓడల యార్డులో నాకు చివరి పెద్ద పని అప్పజెప్పారు. అప్పుడు నేను డిజైన్ ఆఫీసులో సీనియర్ డ్రాఫ్ట్స్‌మన్‌ని. నవ్వకు బిడ్డా, ఆడదాన్నయినా హోదా పేరు అదే, అట్లాగే రాసుకో. నౌకాదళానికి కట్టే గస్తీ ఓడలో ఇంజన్ కంట్రోల్ గది నా వాటా.

ఇనుము కోసేముందు ఆ గదిని అసలు కొలతలతో ప్లైవుడ్‌తో కట్టి చూస్తాం. నావికులు వచ్చి అందులో పనిచేసి చూపించాలి. ఆ తర్వాతే నా సంతకం. సంతకం పడ్డాక ఇక మార్పుండదు. కరోనా వల్ల నావికులు రాలేకపోయారు. మా మేనేజరు ఆఫీసు కుర్రాళ్ళిద్దరిని కూర్చోబెట్టి, అన్నీ చేతికి అందుతున్నాయి, సంతకం పెట్టు బెన్ అన్నాడు, గుజరాతీలో అక్కా అని.

నాకు మనసొప్పలేదు. ఓడలో ఇంజన్ మోత ఉంటుంది. నిప్పంటుకుంటే ముఖానికి మాస్కు ఉంటుంది. సూరత్‌లోని ఉధ్నాలో మరమగ్గాలు మూతపడి మా యార్డులో కూలికి చేరిన మన తెలుగువాళ్ళు రాజేశం, సమ్మయ్య గుర్తొచ్చారు. పక్కపక్క మగ్గాల మీద, వాళ్ళ మాటలో సాంచెల మీద, ఆ మోతలో, ఏళ్ళ తరబడి పనిచేసినవాళ్ళు.

రాజేశాన్ని అలారం బోర్డు ముందు, సమ్మయ్యను ఇంధనం ఆపే వాల్వు దగ్గర కూర్చోబెట్టాను. ఇద్దరికీ మాస్కులు తొడిగించి, స్పీకర్లలో ఇంజన్ మోత పెట్టించాను. ఎర్రబల్బు వెలగగానే రాజేశం చెప్పాలి, సమ్మయ్య వాల్వు తిప్పాలి.

బల్బు వెలిగింది. రాజేశం అరవలేదు, చెయ్యెత్తాడు. సమ్మయ్య కదల్లేదు. ఇద్దరి మధ్య నిలువెత్తు స్విచ్చుల బీరువా ఉంది. చివరికి రాజేశం బోర్డు వదిలేసి, చుట్టూ తిరిగి వెళ్ళి సమ్మయ్య భుజం మీద ఒక్కటి వేశాడు. మోత ఆపించాను.

"ఏందిరా, నిద్రపోయినవా?" అన్నాడు రాజేశం.

"నీ చెయ్యి నాకేడ కనబడ్తది? బీరువా కనబడ్తుంది."

నోటితో చెప్పొచ్చు కదా అని రాజేశాన్ని అడిగాను.

"మోతల ఎవనికి ఇనబడ్తదక్కా? సాంచెల కాడ చెయ్యి జూస్తం, కండ్లు జూస్తం. గిసొంటి బీరువా నడుమ పెడితే మా సేఠ్ గప్పుడే తీయిస్తుండె. ఎవడు పెట్టిండు గిది?"

"నేనే" అన్నాను. సమ్మయ్య మాస్కు సర్దుకుంటూ పైకప్పు చూశాడు.

కేబుళ్ళు పొట్టిగా సరిపోతాయని అక్కడ గీశాను.

వీళ్ళు నేతగాళ్ళు, నావికులకైతే హెడ్‌ఫోన్లుంటాయి అన్నాడు మేనేజరు. నిప్పులో ఆ తీగలు కాలిపోతే ఏం చేస్తారని అడిగాను. డ్రాయింగులు మళ్ళీ గీయాలి, వారం ఆలస్యమవుతుంది అన్నాడు. గీస్తానన్నాను. పైవాళ్ళకు నీ పేరే చెప్తానన్నాడు. చెప్పమన్నాను. సంతకం మాత్రం పెట్టలేదు.

వడ్రంగులతో బీరువాను వెనక గోడకు జరిపించాను. మళ్ళీ మోత, మళ్ళీ మాస్కులు. రాజేశం చెయ్యెత్తాడు, సమ్మయ్య వాల్వు తిప్పాడు. ఇద్దరిలో ఎవరూ కుర్చీలోంచి లేవలేదు. వారం కూర్చుని డ్రాయింగులన్నీ మళ్ళీ గీసి, అప్పుడు సంతకం పెట్టాను.

అన్నేళ్ళ సర్వీసులో కుర్చీ ఎత్తు, చేతి పొడవు, ఒక్కొక్క మనిషికీ సరిగ్గానే కొలిచాను. ఇద్దరు కలిసి చేసే పనిని మాత్రం కొలవలేదు. మిగిలిన ఆ కొన్ని నెలలూ ప్రతి డ్రాయింగు మీద ఇంకో గీత గీశాను, ఒకరి కళ్ళ నుంచి రెండోవారి చేతి దాకా. ఆ గీతకు ఏదైనా అడ్డొస్తే జరపాల్సింది మనిషిని కాదు, అడ్డొచ్చినదాన్ని.