ఇంటికిలోమీటర్లు

ఆ పళ్ల ఆసుపత్రికి వచ్చేవాళ్లంతా ఆమెను టోకెనమ్మ అనే పిలుస్తారు. గాజు తలుపు పక్కన ఒక బల్ల, దాని మీద కంప్యూటరు, వెనక గోడకి దవడ బొమ్మ. బుగ్గ పట్టుకుని వచ్చినవాళ్లకి టోకెన్ ఇచ్చి కూర్చోబెట్టడం ఆమె పని. పెళ్లికి ముందు కంప్యూటర్ డిప్లొమా చేసింది. కూతురు పుట్టాక ఆ చదువు అటకెక్కింది. నలభై దాటాక దాన్ని మళ్లీ దింపాల్సి వస్తుందని ఆమె కలలో కూడా అనుకోలేదు.

దింపించింది అత్తగారు. ఆవిడకి పుస్తకం లేకపోతే పొద్దుపోదు. చూపు బాగా మందగించాక, పుస్తకాలు పైకి చదివి వినిపించే యాప్ ఒకటి కోడలు ఆవిడ ఫోన్లో పెట్టింది. చదవడమైతే చదివేది గానీ, ఆ తీరుకే పెద్దావిడకి ఒళ్లు మండేది. ‘డా.’ అని ఉన్నచోట డాక్టర్ అనకుండా ‘డా’ అని నీళ్లు నమిలేది. ‘పది కి.మీ.’ని ‘పది కి, మీ’ అనేది.

“నన్నేమో కిమ్మనకుండా వినమంటావు, అదేమో కి, మీ అంటోంది. దానికి చెప్పేవాళ్లెవరూ లేరా అమ్మాయ్?” అంది అత్తగారు.

ఉన్నారేమోనని కోడలు వెతికింది. అది ఓపెన్ సోర్స్ యాప్. లోపల ఏముందో ఎవరైనా తెరిచి చూడవచ్చు, తప్పు కనిపిస్తే దిద్ది పంపవచ్చు. పని చూసుకునేవాళ్లు ఒప్పుకుంటే ఆ దిద్దుబాటు అందరి ఫోన్లలోకీ చేరుతుంది. అయితే నేనే దిద్దుతానని ఆమె ఉత్సాహంగా తెరిచింది. తెరిస్తే దారీ తెన్నూ తెలియని అడవి. ఎక్కడ మొదలుపెట్టాలో పాలుపోలేదు. చేయి పట్టుకుని నడిపించే మనిషి ఒకరు కావాలని తేల్చుకుంది.

ఆ యాప్ పని చూసుకునేవాళ్లంతా మాట్లాడుకునే ఫోరంలో మొహమాటపడుతూనే అడిగింది. ఒకరు సూచనలన్నీ చదవమని చెప్పి చక్కా పోయారు. ఇంకొక కుర్రాడు మాత్రం ఎంతో మర్యాదగా పలికి, ‘డా.’ సంగతి తనే సాయంత్రానికల్లా సరిచేసి పెట్టేశాడు. అత్తగారు సంతోషించింది. కోడలికి మాత్రం, ఆకలేసి వంటింట్లోకి వెళ్తే తన వాటా ఎవరో భోంచేసినట్టు అనిపించింది. అతనికి కృతజ్ఞతలు చెప్పి, మళ్లీ ఫోరంలో రాసింది: “పని చేసిపెట్టేవాళ్లు వద్దు, నేర్పేవాళ్లు కావాలి. ‘కి.మీ.’ని నాకే వదిలేయండి.”

దానికి ఆ పని చూసుకునేవాళ్లలోనే, పిచ్చుక అనే మారుపేరుతో ఉన్న ఒకావిడ జవాబిచ్చింది. ఎక్కడో పెద్ద కంపెనీలో ఉద్యోగం, చంకలో పసిబిడ్డ, గొంతులో మొహమాటమన్నది లేదు. మొదటి ఫోన్లోనే షరతు పెట్టింది.

“నేను మధ్యాహ్నం మాట్లాడతానక్కా. కానీ మీరేం ప్రయత్నించారో ముందు చెప్పాలి. చెప్పకపోతే జవాబివ్వను.”

టోకెనమ్మకి ఆ మాట గుచ్చుకుంది, నచ్చింది కూడా. ఆసుపత్రి మధ్యాహ్నం మూసే వేళలో కంప్యూటర్ వాడుకుంటానని డాక్టరమ్మని అడిగి ఒప్పించింది. క్యారేజీ పక్కకి జరిపి కూర్చునేది. తప్పుల మీద తప్పులు. ఏం చేసిందో చెబితే పిచ్చుక “ఊఁ, తర్వాత?” అనేది, అంతే. ఆ ఊఁకారం వినీవినీ, అడగబోయే ప్రశ్నకి సగం జవాబు తనకే తట్టడం మొదలైంది. చివరికి ‘కి’, చుక్క, ‘మీ’ వరుసగా వస్తే ‘కిలోమీటర్లు’ అని చదివేలా రాసి పంపింది. పిచ్చుక చూసి సరేనంది. కొత్త మార్పులన్నిటితోపాటు అదీ బయటికొచ్చింది. టోకెనమ్మ ఆరోజు నేల మీద నడవలేదు.

ఆ వారంలోనే అత్తగారు పిలిచింది.

“ఇంటికిలోమీటర్లు రూ అంటే ఏమిటే?”

కోడలు పుస్తకం తీసి చూసింది. ‘వాడు వెళ్లిపోయాడు ఇంటికి. మీరూ బయల్దేరండి’ అని ఉంది. ఇంటికి పక్కన చుక్క, ఆ పక్కన మీరు. మధ్యలో ఖాళీని కూడా పట్టించుకోకుండా రెండు వాక్యాలనీ కలిపి కుట్టేసింది ఆమె దిద్దుబాటు. అప్పటికే ఫోరంలో ఇంకెవరెవరో అదే తప్పు ఎత్తిచూపి నవ్వుకుంటున్నారు. ఆమెకి తల కొట్టేసినట్టయింది. తన మార్పు తీసేయమనీ, ఇక తనవల్ల కాదనీ పిచ్చుకకి చెప్పేసింది.

పిచ్చుక వెంటనే అందుకుంది. వెనక బిడ్డ ఏడుపు వినిపించింది.

“చూసి సరేనన్నది నేనక్కా. కాబట్టి సగం తప్పు నాది, ఆ సంగతి ఫోరంలో నేనే రాస్తాను. మిగతా సగం మీరు దిద్దండి. తీసేయడం ఎవరైనా చేస్తారు.”

టోకెనమ్మ ఫోన్ పెట్టేసి, మొహం కడుక్కుని వచ్చి కూర్చుంది. ‘కి’ ముందు అక్షరం అంటుకుని ఉండకూడదు. ‘మీ’ తర్వాత మాట సాగకూడదు. ఇంత చిన్న సంగతి రాయడానికి చాలా మధ్యాహ్నాలు పట్టింది. పిచ్చుక దాన్ని తిప్పి పంపింది, ఈమె మళ్లీ పంపింది. మళ్లీ తిప్పి పంపింది. ఈసారి ఆమెకి కోపం రాలేదు, ఎక్కడ తప్పిందో చూడాలన్న ఆత్రమే వచ్చింది. ఆఖరుసారి పంపినప్పుడు పిచ్చుక ఏ మాటా లేకుండా ఒప్పేసుకుంది.

ఆ వారాంతంలో అత్తాకోడళ్లిద్దరూ వరండాలో కూర్చున్నారు. యాప్‌ని బోల్తా కొట్టించే వాక్యాలు అల్లడం అత్తగారి వంతు, దాన్ని నిలబెట్టడం కోడలి వంతు. పెద్దావిడ కళ్లు మూసుకుని ఆలోచించి, “ఊఁ, రాసుకో. దీని పని పట్టే వాక్యం దొరికింది,” అంది.