సాంబశివరావు గారి హార్డ్ డిస్క్

నమాజు మానను గానీ, దయ్యాల కబుర్లు మాత్రం నేనెప్పుడూ చెవికెక్కించుకోలేదు. గుంటూరు బ్రాడీపేటలో పద్నాలుగేళ్లుగా కంప్యూటర్లు బిగిస్తున్నాను. చెడిపోయిన ప్రతిదానికీ ఏదో కారణం దొరికేది.

మంగళగిరి పద్మావతి గారి భర్త సాంబశివరావు గారు చేనేత చీరల అంచులకు కంప్యూటర్లో డిజైన్లు గీసేవారు. నిరుడు గుండెపోటుతో పోయారు. కొన్నాళ్లకే ఆయన హార్డ్ డిస్క్ కూడా పాడైంది. నేనే పరీక్షించాను, తిరగడమే లేదు. ఆయన చివరగా గీసిన డిజైన్ అందులోనే ఉండిపోయింది. ఆ అంచుతో మొదలుపెట్టిన చీర మగ్గం మీద సగంలో ఆగింది.

ఆ పని తనే నేర్చుకుంటానని ఆవిడ కొత్త కంప్యూటర్ చేయించుకున్నారు.

"పాత డిస్క్ కూడా లోపలే ఉండనివ్వండి రఫీ గారూ. ఆయన వస్తువు కదా" అన్నారు.

కాదనలేక, కేబుళ్లేవీ తగిలించకుండా ఊరికే స్క్రూలతో బిగించాను.

రెండు రోజులకే ఫోన్. కొత్త డ్రైవ్ కనిపించడం లేదట. షాపుకు తెస్తే కనిపించింది. ఇంటికెళ్లాక మళ్లీ మాయం. కేబుల్ మార్చాను, పవర్ సప్లై మార్చాను, చివరికి డ్రైవే మార్చాను. అదే వరస. ఆవిడ నా మీద విసుక్కోలేదు. "నా వల్ల మీకు తిప్పలైపోతున్నాయండీ" అని నొచ్చుకున్నారు. నాకే సిగ్గేసింది.

మూడో డ్రైవ్ పట్టుకుని ఒక మధ్యాహ్నం వాళ్లింటికి వెళ్లాను. తగిలించి, అది ఖాళీది కాబట్టి నా పెన్ డ్రైవ్‌లో ఉన్న విండోస్‌తో కంప్యూటర్ ఆన్ చేశాను. కొత్త డ్రైవ్ లేదు. దాని బదులు ‘అంచులు’ అనే పేరుతో ఇంకోటి కనిపిస్తోంది.

ఆవిడ కుర్చీ పట్టుకుని నిలబడిపోయారు. "ఆయన పెట్టిన పేరేనండీ అది!"

తెరిస్తే డిజైన్లన్నీ ఉన్నాయి. గబగబా పెన్ డ్రైవ్‌లోకి ఎక్కించాను. చివరి ఫైలు పూర్తవగానే ‘అంచులు’ పోయి, కొత్త డ్రైవ్ వచ్చింది.

కంప్యూటర్ ఆపి పక్క రేకు ఊడదీశాను. పాత డిస్క్‌కు ఒక్క కేబులూ లేదు. నేను బిగించినట్టే ఉంది. తగిలించి చూశాను. ఉలుకూ పలుకూ లేదు.

"ఏమైందండీ?" అన్నారావిడ.

"ఏం లేదమ్మా, బాగానే ఉంది" అన్నాను.

నెల తిరక్కుండా చీర మగ్గం దిగింది. ఆ కంప్యూటర్ మళ్లీ మొరాయించలేదు. కానీ ఆ మధ్యాహ్నం మేము దేనిలోంచి ఆ ఫైళ్లు తీసుకున్నామో, నాకు ఈ రోజుకీ తెలియదు.