ఓబులేసన్న హోటల్లో పొగ

నిన్న పొద్దున ఫోన్ వస్తే రాంగ్ నంబర్ అనుకున్నాను.

"సార్, ఓబులేసన్న పోయినాడు."

ఏ ఓబులేసన్న అని అడిగాను. నాకు తెలిసింది ఒక్కడే. అయినా అడిగాను.

కళ్యాణదుర్గం బస్టాండు ఎదురుగా టీ హోటల్ ఓబులేసన్న. ఇరవై ఏళ్లుగా స్కూలుకు వెళ్లే ముందు నా మొదటి టీ అక్కడే. ఐదు బెంచీలు, ఒక ఫ్యాను, ఒకటే తలుపు. చెనిక్కాయలు అమ్ముకోవడానికి వచ్చిన రైతులు, ఆటోవాళ్లు, అందరూ టీతో పాటు బీడీ ముట్టించేవాళ్లు. ఆయన మాత్రం జన్మలో ఒక్క బీడీ తాగలేదు.

రెండేళ్ల కిందట ఒక ఆఫీసరు వచ్చి, లోపల పొగ తాగనిస్తే ఫైన్ వేస్తానన్నాడు.

నాకు ఒళ్లు మండింది. లేచి నిలబడి పెద్ద లెక్చర్ ఇచ్చాను. హోటల్ ఆయన సొంతం, వచ్చేవాళ్లు ఇష్టపడే వస్తున్నారు, మధ్యలో మీకేం నొప్పి అన్నాను. బెంచీల మీదున్న వాళ్లంతా చప్పట్లు కొట్టారు. ఆఫీసరు విసుక్కుని వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు.

నేను హీరోలా కూర్చున్నాను. ఓబులేసన్న నా ముందు టీ గ్లాసు పెట్టి మెల్లగా అన్నాడు.

"ఏమప్పా సారూ, ఆయప్పను అట్ల పంపిచ్చేస్తివి. లోపల బీడీలు తాగొద్దని నేనే బోర్డు పెడదామని చూస్తాంటి."

"పెట్టుకో అన్నా. నీ హోటలే కదా, ఎవరు వద్దన్నారు?"

"నేనొక్కన్నే పెడితే అందరూ పక్క హోటలుకు పోతారు. పోయినేడు మూడు దినాలు పెట్టి చూసినా. ఈగలు తోలుకుంటా కూర్చుంటి. ఆఫీసరు చెప్తే ఇద్దరికీ ఒకటే రూలు గదా."

నేను నవ్వేశాను.

అదీ నేను చేసిన ఘనకార్యం.

సొంత చోటులోకి వచ్చి ఎవరైనా దబాయిస్తే నాకు ఇప్పటికీ కోపమే. కానీ ఆ రోజు ఎవరి హక్కు కోసం అరిచాను నేను? ఆయన్ని ఒక్క మాట అడిగానా?

తర్వాత ఓబులేసన్నకు దగ్గు మొదలైంది. ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయన్నారు. పొగ వల్లేనని డాక్టర్ గట్టిగా చెప్పలేదు. కాదని కూడా చెప్పలేదు.

నా మీద చిరాకు. ఒక్క లెక్చర్‌కే వెనక్కి తిరిగిన ఆ ఆఫీసరు మీద చిరాకు. ఓబులేసన్న దగ్గుతుంటే కూడా ఇంకోటి ముట్టించిన వాళ్ల మీద చిరాకు.

మన వైపు పోయినవాళ్లకు ఇష్టమైనవి పక్కన పెట్టి సాగనంపుతాం కదా. నిన్న పాడె ఎత్తే ముందు, రోజూ హోటల్‌కు వచ్చే రైతు ఒకాయన ఏడుస్తూ ఓబులేసన్న చేతి దగ్గర ఒక బీడీ కట్ట, అగ్గిపెట్టె పెట్టాడు. పాపం, ప్రేమతోనే. ఎప్పుడూ ఆ వాసనే కొట్టే చొక్కా చూసి, ఈయన కూడా తాగుతాడనే ఇన్నేళ్లూ అనుకున్నాడు.

ఓబులేసన్న భార్య, మా వదిన, వాటిని తీసి మళ్లీ ఆ రైతు చేతిలోనే పెట్టింది.

"ఈయన తాగడన్నా. మీరు తాగినారు, ఈయన పీల్చినాడు."

నేను తల ఎత్తలేకపోయాను.

వెళ్లి రా ఓబులేసన్నా. నువ్వు వెళ్లిన చోట గాలి బాగుండాలి. హాయిగా ఊపిరి పీల్చుకో.