పదిహేను నిమిషాలు ముందున్న గడియారం

పులివెందులలో ఆదినారాయణ నెట్ సెంటరుకు వచ్చినవాళ్లు అతని కూతురు ప్రశాంతిని ఒక మాట అనకుండా పోరు.

"ఊరందరివీ నొక్కి నీది నొక్కేది మరిచిపోయినావంట గదా మ్మే!"

ఆమె తల వంచుకుని వాళ్ల దరఖాస్తు నింపుతుంది.

వాళ్లది తొండూరు. సేద్యం వదిలి తండ్రి ఈ అంగడి పెట్టాడు. ఇంజినీరింగు కౌన్సెలింగులో ప్రశాంతికి కడపలో సీటు వచ్చే ర్యాంకే వచ్చింది. కాలేజీలు ఎంచుకోవడానికి ఆఖరి రోజున తన పేరుతో లాగిన్ అయింది, వరుస పేర్చుకుంది. ఇక పంపడమే తరువాయి.

"ముందు గిరాకీని పంపీ మ్మే. మనది యాడికి పోతాది?" అన్నాడు తండ్రి.

లేచి పక్క కంప్యూటరులో అందరివీ పంపింది. గడువు ముగియబోతుండగా తనది నొక్కింది. తెర మీద "చేరింది" అని పడింది. సీట్లు ప్రకటించినప్పుడు ఆమె పంపినవాళ్లందరి పేర్లూ ఉన్నాయి, ఆమెది తప్ప.

"నొక్కినా నాయినా."

"అందరివీ చేరి నీదొక్కటే చేరలేదంటే తప్పు యాడుండాది? నీ వేళ్లలో ఉండాది."

ఆ మాట రోజూ వినగా వినగా, నిజంగానే నొక్కలేదేమోనని ఆమెకూ అనిపించసాగింది. ఆ ఏడాది అంగట్లోనే కూర్చుంది.

అంగట్లో దరఖాస్తులు పంపడానికి వాడే ప్రోగ్రాము ప్రొద్దుటూరు బాలసుబ్బయ్య రాసిచ్చినది. పురోహితుల ఇంటివాడు, గుమాస్తా. పుస్తకాలు ముందేసుకుని సొంతంగా నేర్చుకున్నాడు. ఈ మధ్య ఇంకొకరి దరఖాస్తు కూడా అలాగే మాయమైతే ఆదినారాయణ పిలిపించాడు. ఆయన ప్రోగ్రాము తెరిచి చూశాడు. కంప్యూటరు గడియారం చూశాడు, జేబులోని ఫోను చూశాడు.

"ఆదినారాయణా, నీ కంప్యూటరులో టయిము సరిగ్గా ఉందే!"

"సరిగ్గా లేకుండా ఎట్లుంటాది సామీ?"

"మా ఇంట్లో ఉండదు."

రాహుకాలం రాకముందే గడప దాటాలని వాళ్ల నాన్న ఇంట్లో గడియారాలన్నీ పదిహేను నిమిషాలు ముందుకు తిప్పి పెట్టేవాడు. బాలసుబ్బయ్య కంప్యూటరునూ అలాగే పెట్టాడు.

ప్రశాంతి ఈ కథ చెబుతూ ఇక్కడ కుకీ అన్నప్పుడు నాకు అర్థం కాక, అదేమిటని ఆమెనే అడిగాను. విసుక్కోకుండా చెప్పింది. లాగిన్ కాగానే సైటు మన కంప్యూటరుకు ఒక గుర్తు ఇస్తుంది, అదే కుకీ. దానికో గడువుంటుంది. గడువు దాటితే ప్రోగ్రాము దాన్ని పారేసి మళ్లీ లాగిన్ చేయించాలి. బాలసుబ్బయ్య ఇంట్లో గడియారం ముందుండడంతో బతికున్న కుకీలు కూడా గడువు తీరినట్టు కనిపించేవి. అందుకని గడియారంలో పదిహేను నిమిషాలు తగ్గించి చూసే లైను ఒకటి రాసుకున్నాడు. సరైన టయిమున్న పులివెందుల కంప్యూటరులో ఆ లైను చచ్చిన కుకీని బతికున్నట్టు చూపింది. ప్రశాంతి గిరాకీ కోసం లేచిపోయిన సేపట్లో ఆమె కుకీ గడువు తీరింది. ప్రోగ్రాము దాన్నే పంపింది. సైటు తీసుకోకుండా మళ్లీ లాగిన్ అవమని పేజీ తిప్పి పంపింది. ఏ పేజీ వచ్చినా "చేరింది" అనడమే ఆ ప్రోగ్రాముకు తెలుసు.

బాలసుబ్బయ్య ఆ లైను తీసేశాడు. "అయితే పాప సీటు..."

"మ్మే, పోయి టీ తీసుకరాపో" అన్నాడు తండ్రి.

టీ బంకు పక్కనే. ప్రశాంతి గ్లాసులతో వాకిట్లోకి వచ్చేసరికి లోపలి మాటలు వినిపించాయి.

"పాప నొక్కిందప్పా. నా ప్రోగ్రామే ముంచింది."

"ఆ మాట దానికి చెప్పద్దు సామీ. తప్పు తనదే అనుకోని నోరు మూసుకోని కూచ్చోనుండాది. తెలిస్తే మళ్లా కడప అంటాది. అంగడి ఎవరు సూస్తారు?"

ప్రశాంతి లోపలికొచ్చి గ్లాసులు పెట్టింది.

"దొరికిందా సామీ?"

"ఆ, చిన్న లైను. తీసేసినా పాపా."

"ఎవరు రాసింది సామీ?"

ఆయన ఆదినారాయణ వైపు చూశాడు.

"చల్లారిపోతాంది, తాగు సామీ" అన్నాడు ఆదినారాయణ.

బాలసుబ్బయ్య తాగాడు. గ్లాసు కింద పెట్టి, ఆమె ముఖం చూడకుండానే ప్రొద్దుటూరు బస్సు కోసం వెళ్లిపోయాడు.

ఆ వెంటనే పెండ్లిమర్రి నుంచి ఒకాయన వచ్చాడు.

"నాది బాగా సూసి నొక్కమ్మా, నీ దాని మాదిరి చేయొద్దు."

"ఆ పొద్దు కూడా నొక్కినా, అన్నా."

ఆయన నవ్వాడు. ఆయన కంటే గట్టిగా ఆదినారాయణ నవ్వాడు.

"సూడప్పా, ఇంగా అదే మాట అంటాంది!"