వేరే క్లాసు పిల్లలు

బీఈడీలో చేరిన రోజే నా ఒరిజినల్ సర్టిఫికెట్లన్నీ కాలేజీ ఆఫీసు బీరువాలోకి వెళ్లిపోయాయి. పదో తరగతి మెమో దగ్గర్నుంచి డిగ్రీ ప్రొవిజనల్ దాకా ఒక్కటీ నా చేతిలో మిగల్లేదు. కోర్సు పూర్తయ్యాక ఇస్తామన్నారు. టీచర్ కావాలని నాకు పెద్దగా ఉండేది కాదు. జహీరాబాద్‌లో ఫ్యాక్టరీ ఉద్యోగం కోసం గుంటూరు వైపు నుంచి వచ్చి స్థిరపడిన మా నాన్న, "లెక్కలు చదివినదానివి, లెక్కలే చెప్పుకో. ఇంతకంటే ఏం చేస్తావమ్మా?" అన్నారు. ఏం చేస్తానో నాకూ తెలియక చేరాను. చేరిన నెలకే మానేద్దామనిపించింది. కానీ బీరువా తాళం నా దగ్గర లేదు.

రెండో ఏడు టీచింగ్ ప్రాక్టీస్‌కి ఊళ్లోనే ఒక ప్రభుత్వ బడికి పంపారు. ఆరో తరగతి, లెక్కలు. రోజూ పాఠానికి ముందు పీరియడ్ ప్లాన్ రాయాలి. పేజీ మధ్యలో గీత కొట్టి, ఎడమవైపు టీచర్ ఏం చేస్తుందో, కుడివైపు పిల్లలు ఏం చేస్తారో రాయాలి. అంటే నేను అడిగే ప్రశ్నకు వాళ్లు చెప్పబోయే జవాబు కూడా నేనే ముందుగా రాయాలన్నమాట. పిల్లల ముఖమైనా చూడకుండా వాళ్ల జవాబులు నలభై పేజీలు రాశాను. అన్నీ సరైన జవాబులే. ఇంత తెలివైన పిల్లలకు మళ్లీ నేనెందుకని నాలో నేను నవ్వుకునేదాన్ని.

భిన్నాల పాఠం మొదటిరోజు, "ఒక రొట్టెను నలుగురు సమానంగా పంచుకుంటే ఒక్కొక్కరికి ఎంత వస్తుంది?" అని అడిగాను. కుడివైపు గడిలో 'నాలుగో వంతు' అని రాసుకుని ఉన్నాను. కిటికీ పక్క బెంచీ నుంచి ఒక అమ్మాయి లేచింది.

"ఒక్క రొట్టె నలుగురికి యాడ సాలుతది టీచర్?"

క్లాసంతా ఘొల్లుమంది. నాకు ఒళ్లు మండింది. వెనక కూర్చుని నా పాఠం చూస్తున్న బడి లెక్కల సార్, అంటే నా గైడ్, పుస్తకంలో ఏదో రాసుకున్నారు. తర్వాత చూస్తే 'తరగతి నియంత్రణ: మెరుగుపడాలి' అని ఉంది.

ఆ అమ్మాయి ఝరాసంగం వైపు ఊరినుంచి రోజూ ఆటోలో వచ్చేది. వాళ్లమ్మది బీదర్ వైపు కావడంతో ఇంట్లో సగం కన్నడం. బళ్లో మాట వెతుక్కుని మాట్లాడేది. మూడో వంతు రాయమంటే పైన మూడు, కింద ఒకటి రాసేది. పరీక్షల్లో సున్నాలు. ఆమె మీద కోపం తగ్గించుకుని ఒక మధ్యాహ్నం అన్నాల బెల్లు తర్వాత పక్కన కూర్చోబెట్టుకున్నాను. కాగితపు రొట్టెలు కత్తిరించి ముందు పెట్టి, మూడో వంతు పెద్దదా, నాలుగో వంతు పెద్దదా అని అడిగాను. కాగితాల వంక చూడనే లేదు.

"ముగ్గురం ఉన్ననాడు పెద్ద తుకుడ వస్తది టీచర్. మా మామ వస్తే సిన్నగైతది. జొన్న రొట్టె నేనే చేస్త, నేనే పంచుత. నాకెర్క లేదా?"

ముందు బెంచీ పిల్లలకు నాలుగు రోజులు చెప్పినా ఎక్కనిది ఈ పిల్లకు ఎప్పుడో తెలుసు. రాయడం ఒక్కటే రాదు. ఆ రోజు నాకు నిజంగా సంతోషమేసింది. ఇంటికెళ్లి అమ్మకు చెబితే, "మరింకేం, పంతులమ్మవి అయిపోయావన్నమాట" అంది. తర్వాత పది రోజులూ ఆమె రోజుకొక్కసారైనా లేచి జవాబు చెప్పేది. మునుపు నవ్విన పిల్లలే చెవి ఒగ్గి వినేవాళ్లు.

అప్పుడే ఫైనల్ లెసన్ రోజు ఖాయమైంది. బయటి కాలేజీ నుంచి ఎగ్జామినర్ వచ్చి వెనక కూర్చుంటాడు. ఆ ఒక్క పాఠం పోతే ప్రాక్టీస్ అంతా పై ఏడు మళ్లీ చేయాలి. బీరువా తెరుచుకోదు. టీచర్ పోస్టుల నోటిఫికేషన్ వచ్చినా అప్లై చేయడానికి ఉండదు.

ముందురోజు సాయంత్రం గైడ్ సార్ నన్ను పిలిచారు. ఆయన మంచివారు, నన్ను ఎప్పుడూ బిడ్డా అనే పిలిచేవారు.

"క్లాస్ సెట్ చేసుకున్నవా బిడ్డా?"

సెట్ చేయడమంటే అప్పటికే సీనియర్ల నోట విని ఉన్నాను. ఏ ప్రశ్నకు ఎవరు లేవాలో, ఏం చెప్పాలో నాలుగు రోజులు వల్లె వేయిస్తారు. అది నేనూ చేశాను. అసంగతంగా మాట్లాడేవాళ్లను ఆ గంటసేపు పక్క గదిలో కూర్చోబెడతారు. అది చేయలేదు. సార్ ఒక చీటీ తీశారు. ఐదు పేర్లు. రెండోది ఆ అమ్మాయిది.

"సార్, తనకు వచ్చు సార్. బాగా చెబుతుంది."

"ఎర్కే. కానీ ఏం చెప్తదో నీకెర్క లేదు, నాకెర్క లేదు. ఎగ్జామినర్ ముంగట 'రొట్టె యాడ సాలుతది' అంటే ఏం జేస్తవ్? ఒక్క గంట. ఫికర్ జేయకు. మేమందరం గిట్లనే పాసైనం."

కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. సార్‌ని కాదందామంటే నా రికార్డుల మీద సంతకం పెట్టేది ఆయనే. నిజం చెప్పాలంటే నాకు సంతకం కంటే ఆ పిల్ల నోటి భయమే ఎక్కువ. చీటీ తీసుకున్నాను.

మర్నాడు పొద్దున ఆ పేర్లు నేనే చదివాను. ఐదుగురూ సంచులు తీసుకుని లేచారు. ఆ అమ్మాయి మాత్రం ఆ రోజు తలకు నూనె రాసుకుని, రెండు జడలకూ కొత్త రిబ్బన్లు కట్టుకుని వచ్చింది. పెద్ద సార్ వస్తున్నాడని నేనే చెప్పాను మరి. "నేను గూడనా టీచర్?" అంది. "ఒక్క గంట" అన్నాను, సార్ మాటే. ఆటసామాను, విరిగిన బెంచీలు ఉండే గది అది. అటెండర్ బయట గడియ పెట్టాడు.

ఆ రెండు గదులూ ఒకప్పుడు ఒకే హాలు. మధ్యలో గోడ లేపారు కానీ పైకప్పు దాకా పోనివ్వలేదు. పాఠం బాగానే మొదలైంది. అడగాల్సినవి అడిగాను, లేవాల్సినవాళ్లు లేచారు, కుడివైపు గడిలో ఉన్నది ఉన్నట్టు చెప్పారు. నా చీర కొంగు చెమటకు తడిసి వీపుకు అంటుకుంది. గోడ అవతల ఎవరో బెంచీ జరిపిన చప్పుడు వచ్చినప్పుడల్లా నేను గొంతు పెంచేదాన్ని. ఇంకో పది నిమిషాలుందనగా ఎగ్జామినర్ పుస్తకం మూసి, తనే అడిగాడు.

"మూడో వంతు, ఐదో వంతు. రెంటిలో ఏది పెద్దది? ఎందుకు?"

మేం వల్లె వేసుకున్నవి సగం, పావు. పిల్లలు నా వైపు చూశారు. నేను గైడ్ సార్ వైపు చూశాను. ముందు బెంచీ అబ్బాయి ధైర్యం చేసి లేచాడు. "ఐదో వంతు సార్. ఐదు పెద్దది గదా."

అప్పుడు గోడ పైనుంచి వచ్చింది ఆ గొంతు.

"కాదు సార్, మూడో వంతే పెద్దది. ముగ్గురు తింటే పెద్ద తుకుడ వస్తది. ఐదుగురు తింటే సిన్నగైతది."

ఎగ్జామినర్ తలెత్తి గోడ పైకి చూశాడు. "ఎవరమ్మా అది?"

మా అమ్మాయే సార్ అని నోటిదాకా వచ్చింది. మీ అమ్మాయైతే అక్కడెందుకుంది అంటే? గైడ్ సార్ ఫైల్లో తల దూర్చేశారు.

"వేరే క్లాసు పిల్లలు సార్" అన్నాను.

చివరి బెంచీ దాకా వినపడేట్టు మాట్లాడడం నాకు ఆర్నెల్లు నేర్పారు. ఆ మాట చివరి బెంచీ దాటి, గోడ కూడా దాటి పోయింది.

"మంచిగ చెప్పింది. మీవాళ్లకు మీరు చెప్పండి" అన్నాడు ఆయన. నేను కాగితపు రొట్టె తీసి, ముగ్గురు తింటే పెద్ద ముక్క, ఐదుగురు తింటే చిన్న ముక్క అని ఆ పిల్ల మాటలే శుద్ధమైన భాషలో చెప్పాను. నిత్యజీవితంతో బాగా ముడిపెట్టారని మెచ్చుకుని, మంచి మార్కులు వేసి వెళ్లాడు.

గడియ నేనే తీశాను. నలుగురు పరిగెత్తారు. ఆమె గుమ్మంలో ఆగింది.

"నేను చెప్పింది తప్పా టీచర్?"

"తప్పు కాదమ్మా. కరెక్టే."

"మరి వేరే క్లాసు అన్నరు గద."

బెల్లు కొట్టారు. ఆ బెల్లు కొట్టినందుకు ఊపిరి పీల్చుకున్నాను. ఇప్పటికీ నన్ను నేను క్షమించుకోలేనిది ఆ ఊపిరి గురించే.

రెండు రోజుల తర్వాత అదే క్లాసులో నా తోటి ట్రైనీ ఫైనల్ లెసన్. తోటివాళ్ల పాఠం చూసి పరిశీలన పుస్తకం నింపడం కూడా మా కోర్సులో భాగమే కాబట్టి, నేను వెనక బెంచీలో కూర్చున్నాను. ఆ ట్రైనీ ఇంకా పేర్ల చీటీ మడత విప్పుతూనే ఉంది. కిటికీ పక్కనుంచి ఆ అమ్మాయి లేచింది. సంచి భుజానికి తగిలించుకుని, మిగతా నలుగురికీ కళ్లతోనే సైగ చేసింది. ఐదుగురూ వరసగా నా పక్కనుంచే బయటికి నడిచారు. నా వైపు చూడలేదు. పక్క గది తలుపు లోపలినుంచి మెల్లగా దగ్గరకు వేసుకున్న చప్పుడు గోడ పైనుంచి వినిపించింది.

"చూసినవా బిడ్డా, పిల్లలకు సమజైతున్నది" అన్నారు గైడ్ సార్ సంతోషంగా.

ఆ గంటసేపు గోడ అవతలినుంచి ఒక్క మాట రాలేదు. పాఠం అయ్యాక సార్ నా పరిశీలన పుస్తకం ఇమ్మని చెయ్యి చాపారు. ఒక్క గడి ఖాళీగా ఉంది. పెన్ను తీసి నింపాను. తరగతి నియంత్రణ: చాలా బాగుంది.