అమ్మమ్మ నవ్వుకి తాళం

అమ్మమ్మ నవ్వుతోందో లేదో తెలియాలంటే ఆవిడ భుజాలు చూడాలి. రెండూ ఎగిరెగిరి పడుతుంటే నిజంగా నవ్వుతున్నట్టు. ఒక్కటే కదిలితే, చెప్పిన జోకు బాగాలేదు గాని పోనీలే అని మొహమాటానికి నవ్వుతున్నట్టు. గొంతుకి ఆపరేషన్ అయిన దగ్గర్నుంచీ ఆవిడ నవ్వుకి చప్పుడు లేదు. మాట మిగిలింది గాని, అది కూడా ఎండుటాకుల మీద చీపురు ఆడించినట్టుంటుంది. ఫోన్లో కొత్తవాళ్ళు "అన్నయ్యగారూ" అని మొదలెడతారు. ఆవిడ కాదనదు. "చెప్పు తల్లీ, ఎవరు కావాలి?" అని పెద్దరికం తెచ్చుకుని ఆ వేషం కట్టేస్తుంది. వేషాలు ఆవిడకి కొత్త కాదు.

కాకపోతే అన్నీ మనిషి కనబడని వేషాలు. వయసులో ఉన్నప్పుడు సినిమాలకి డబ్బింగ్ చెప్పేది. తెర మీద మొహం ఎవరిదో, గొంతు అమ్మమ్మది. చీకటి గదిలో మైకు ముందు నిలబడితే, సీనులో ఒక చిన్న ముక్కని తిప్పి తిప్పి వేసేవాళ్ళు. హీరోయిన్ పెదాలు ఎక్కడ విడుతున్నాయి, ఎక్కడ ఊపిరి తీస్తోంది, ఎక్కడ గుటక మింగుతోంది, అన్నీ చూసి పట్టుకోవాలి. గోడ మీద ఎర్ర దీపం వెలిగితేనే నోరు తెరవాలి. వెలగకముందు మాట్లాడినవాళ్ళని సౌండాయన కళ్ళతోనే కాల్చేసేవాడు. గలగలలాడతాయని గాజులు తీసి సంచిలో వేసుకునేది. కడుపు గుర్రుమంటే మైకు పట్టేస్తుందని ముందే ఒక అరటిపండు తినేది.

"మీ అమ్మ కడుపులో ఉన్నప్పుడు కూడా చెప్పానే. అది లోపల్నుంచి తన్నింది. హీరోయిన్ ఉలిక్కిపడ్డట్టు భలే కుదిరింది" అంటుంది మనవరాలితో. ఇందులో నిజమెంతో కడుపులో ఉన్న మనిషిని అడిగినా చెప్పలేదు.

ఏడ్చేవాళ్ళు ఎంతమందైనా దొరికేవారట. నవ్వడానికి మాత్రం అమ్మమ్మని పిలిపించేవారు. ఒక సినిమాలో, బస్టాపులో వాన కురుస్తుంటే హీరోయిన్ నవ్వాలి. ఆ అమ్మాయి కొత్తది, నవ్వమంటే డాక్టరుకి చూపించినట్టు పళ్ళు చూపించి ఊరుకుంది. ఆ పళ్ళకి సరిపడా నవ్వు వెతుక్కుంటూ అమ్మమ్మ పొద్దున్నుంచీ నవ్వింది. మధ్యాహ్నానికి డొక్కలు పట్టేశాయి. ఇంక నావల్ల కాదని గోడకి జారగిలబడబోతూ, తెర మీద ఆ పిల్ల జడలోంచి కారుతున్న నీళ్ళు చూసి ఎందుకో ఫక్కున నవ్వింది. ఆపుకోలేక నవ్వింది. సౌండాయన అదే ఉంచేశాడు.

సినిమా ఎంత హడావుడిగా వచ్చిందో అంత హడావుడిగానూ పోయింది. మొదట్లో వేసే పేర్లలో టీలు అందించినాయన పేరుంది, అమ్మమ్మ పేరు లేదు. కానీ సౌండాయన ఆ నవ్వు ముక్కని ఒక క్యాసెట్లో ఎక్కించి ఆవిడ చేతిలో పెట్టాడు. క్యాసెట్‌కి బూజు పడుతోందని తర్వాతెప్పుడో అల్లుడు దాన్ని ఇంట్లో కంప్యూటర్లోకి ఎక్కించాడు. ఇన్ని సినిమాలు చెప్పిన గొంతులో ఆ కాస్త ముక్కే ఇంట్లో మిగిలింది.

ఆపరేషన్ అయ్యాక ఆ ముక్క మీదే ఆవిడ ప్రాణం పెట్టుకుంది. అలాగని రోజూ వినేది కాదు. ఎప్పుడైనా మనసు మరీ లాగితే కంప్యూటర్ ముందు కుర్చీ వేసుకుని, తలుపు దగ్గరగా వేసి, ఒక్కసారి విని లేచిపోయేది.

"ఇంకోసారి విను అమ్మమ్మా, ఏం పోయింది?"

"అరిగిపోతుందే."

"అరగడానికి అదేమన్నా టేపా? ఎన్నిసార్లు వేసినా అలాగే ఉంటుంది."

"వాడితే అరగని వస్తువు ఉంటుందటే? నా గొంతు చూడు."

మనవరాలు చెవి గోక్కుంటూ కంప్యూటర్ ఆపేసింది. డిగ్రీ రెండో ఏట పుస్తకాలకో దండం పెట్టి కంప్యూటర్లు బాగుచేసే షాపులో చేరిన పిల్ల. పిల్లంటే ఇంట్లోనే పిల్ల, షాపులో నలుగురు దాన్ని "మేడం" అంటారు. ఏ మెషిన్ని విప్పినా భయం లేదు, అమ్మమ్మ నోరు విప్పితేనే.

ఆ పాత కంప్యూటర్‌కీ వయసు మీద పడింది. ఆన్ చేస్తే దగ్గుతుంది, మూలుగుతుంది, కాసేపు ఆలోచించుకుని గాని లేవదు. లోపల డిస్కు ఇవాళో రేపో అన్నట్టుంది. మనవరాలు కొత్త కంప్యూటర్ తెచ్చింది. ఫోటోలు ఎక్కాయి, నాన్న లెక్కలు ఎక్కాయి. నవ్వు దగ్గరికి వచ్చేసరికి టింగుమని తెర మీద ఒక ఎర్ర పెట్టె లేచింది. "ఈ ధ్వనికి మీరు హక్కుదారు కారు."

అమ్మమ్మ కళ్ళజోడు సవరించుకుని చదివింది. మళ్ళీ చదివింది.

"ఎవరికి చెబుతోందే ఇది?"

"నీకే."

"నా నవ్వుకి నేను కాకపోతే మరి దీని బాబా హక్కుదారు?"

సంగతేమిటంటే, కొత్త కంప్యూటర్లలో లోపలే ఒక కాపలాదారుణ్ణి పెట్టి అమ్ముతున్నారు. పాటగాని, బొమ్మగాని, సినిమా ముక్కగాని ఏదైనా వస్తే వాడు వాసన చూస్తాడు. ఫలానా కంపెనీ సొత్తు అని తేలితే, వాళ్ళ అనుమతి చీటీ లేకుండా కాపీ చెయ్యనివ్వడు, వేసి వినిపించనివ్వడు కూడా. ఆ సినిమా తీసిన కంపెనీని ఎవరో కొన్నారు, వాళ్ళని ఇంకెవరో కొన్నారు. అలా చేతులు మారుతూ అమ్మమ్మ నవ్వు కూడా ఎక్కడికో కాపరానికి వెళ్ళిపోయింది. మనవరాలు ఆ కంపెనీకి ఫోన్ చేసి చీటీ ఇమ్మని అడిగింది. అవతలాయన మర్యాదగానే వెతికి చెప్పాడు. "ఆ సినిమా మాదేనండీ. కానీ పేర్లలో మీ అమ్మమ్మగారు ఎక్కడా లేరు. ఎవరని ఇవ్వమంటారు?"

ఇప్పటికి కాపలాదారుడు కొన్ని కంప్యూటర్లలోనే ఉన్నాడు. కానీ ఇకమీదట అమ్మే ప్రతి కంప్యూటర్లోనూ ఉండి తీరాలనీ, లేని పాతవాటిని బాగుచేసినా నేరమేననీ ప్రభుత్వం చట్టం తేబోతోంది. అదే జరిగితే, నవ్వుని ఏ పెన్‌డ్రైవ్‌లో దాచినా విప్పి వినిపించే మెషిన్ మిగలదు. ఊళ్ళో దీన్ని వద్దంటున్నవాళ్ళు చాలామందే తేలారు. లైబ్రరీ మేడం, కాలేజీ పిల్లలు, రిపేరు షాపులవాళ్ళు, పెళ్ళిళ్ళకి వీడియోలు తీసేవాళ్ళు. చట్టం మీద జనం మాట వింటామని ప్రభుత్వంవాళ్ళు టౌన్‌హాల్లో ఒక సభ పెట్టారు. ఎవరైనా వచ్చి చెప్పొచ్చన్నారు.

"నేనూ చెబుతా" అంది అమ్మమ్మ.

అమ్మ గాభరా పడింది. "ఆ గొంతుతోనా? నీకెందుకమ్మా? నలుగురూ నవ్వుతారు."

"నవ్వనీ. నవ్వడానికి నాకు డబ్బులిచ్చేవాళ్ళు."

సభ రోజున ఇస్త్రీ చీర కట్టుకుని, గాజులు తీసి సంచిలో వేసుకుని బయల్దేరింది. దారిలో అరటిపండు కూడా తింది. మైకు ఉంటుందని ఎవరో అన్నార్ట.

హాలు కిటకిటలాడుతోంది. వేదిక మీద పెద్ద బల్ల, వెనక పెద్ద తెర, మధ్యలో అధ్యక్షులవారు. కింద ఒక మైకు, దాని పక్కన చిన్న దీపాల డబ్బా. ముందుగా పాటలు కట్టే ఒక పెద్దాయన లేచి చట్టం కావాలన్నాడు. తన పాట ఊరంతా మోగుతోందనీ, తన ఇంట్లో మాత్రం మందులకి వెతుక్కోవాల్సి వస్తోందనీ చెప్పి కూర్చున్నాడు. అమ్మమ్మ తలూపింది.

మనవరాలు చెవిలో ఊదింది. "మనం ఎటువైపు అమ్మమ్మా?"

"ఆయన చెప్పిందీ నిజమేగా. దొంగని పట్టుకోమను, ఎవరొద్దన్నారు? మా ఇంటి గదికి తాళం వేసి, ఆ తాళంచెవి వాళ్ళు పట్టుకుపోతే ఎట్లా అని నా ఏడుపు."

తర్వాత అమ్మమ్మని పిలిచారు. మైకు ముందుకెళ్ళి, దానికీ నోటికీ మధ్య జానెడు దూరం చూసుకుని, నిటారుగా నిలబడింది. డబ్బాలో పచ్చ దీపం వెలిగింది. అమ్మమ్మ దాన్నే చూస్తూ నిలబడింది.

హాలు చూస్తోంది. అధ్యక్షులవారు చూస్తున్నారు. అమ్మమ్మ దీపాన్ని చూస్తోంది.

"చెప్పండమ్మా" అన్నారు అధ్యక్షులవారు.

అమ్మమ్మ పెదాల మీద వేలు పెట్టి ఆయన్ని ఉష్షంది. వెనక కుర్రాళ్ళు కిసుక్కుమన్నారు. ఆయనకి ఏం చెయ్యాలో తోచక నీళ్ళు తాగారు. దీపం పసుపురంగుకి మారింది. అమ్మమ్మ గుండెల నిండా ఊపిరి తీసుకుంది. అప్పటికి గాని మనవరాలి బుర్రకి వెలగలేదు. "అయ్యో, ఎర్రది వెలిగితే అయిపోయినట్టే!" అని లేవబోయేలోపు ఎర్ర దీపం వెలగనే వెలిగింది. ఆ క్షణానికే, చిన్న తేడా కూడా లేకుండా, అమ్మమ్మ మొదలెట్టింది.

"అయ్యా, నమస్కారం."

"టైమైపోయిందమ్మా" అన్నారు అధ్యక్షులవారు.

హాలు ఘొల్లుమంది. అమ్మమ్మకి ఏమీ అర్థం కాలేదు. ఎర్ర దీపం వెలిగాక ఆగమన్నవాణ్ణి ఆవిడ జీవితంలో చూళ్ళేదు. వరసలో వెనకనున్న పెళ్ళి వీడియోలాయన చెయ్యెత్తాడు. "సార్, నా టైం ఆ పెద్దావిడకి ఇచ్చెయ్యండి. నేను చెప్పేది ఎలాగూ అందరూ చెబుతారు."

మళ్ళీ పచ్చ దీపం వచ్చింది. ఈసారి మనవరాలు పక్కకొచ్చి వీపు మీద చిన్నగా తట్టింది. అమ్మమ్మ మాట్లాడింది, ఆ చీపురు గొంతుతోనే.

"నేను డబ్బింగ్ చెప్పేదాన్ని. ఒక నవ్వు నవ్వాను. డబ్బులిచ్చారు, తీసుకున్నాను. ఆ నవ్వు కంపెనీదే, కాదనను. అమ్ముకోనివ్వండి, బాగుపడనివ్వండి. ఇప్పుడు నాకు నవ్వు రాదు. మా ఇంట్లో కూర్చుని, తలుపేసుకుని, నా నవ్వు నేను వింటానంటే ఈ మెషిన్ వద్దంటోంది. ఎవరో దొంగతనం చేస్తారని నన్నెందుకు ఆపుతోంది? ఒక్కసారి మీరే విని చెప్పండి."

పాత కంప్యూటర్లోంచి నవ్వు ఎక్కించి తెచ్చిన పెన్‌డ్రైవ్‌ని మనవరాలు తీసుకెళ్ళి వేదిక పక్కన కంప్యూటర్ దగ్గరున్న గుమాస్తాకి ఇచ్చింది. సర్కారువారి కంప్యూటర్, అన్నిటికంటే కొత్తది. ఆయన గుచ్చాడు, నొక్కాడు. టింగుమంది. అధ్యక్షులవారి తల వెనక, గోడంత తెర మీద, ఎర్ర పెట్టె లేచింది. "ఈ ధ్వనికి మీరు హక్కుదారు కారు."

తర్వాత ఎవరు మొదలెట్టారో గాని హాలంతా పగలబడి నవ్వింది. పాటలాయన కూడా నవ్వాడు. "దాన్ని కాస్త తీసెయ్యవయ్యా" అని గుమాస్తా మీద విసుక్కుంటూనే అధ్యక్షులవారు మూతికి రుమాలు అడ్డం పెట్టుకున్నారు. మైకు ముందు అమ్మమ్మ భుజాలు రెండూ ఎగిరెగిరి పడుతున్నాయి. కళ్ళల్లో నీళ్ళు తిరిగేలా నవ్వుతోంది. మైకు ఎంత దగ్గరున్నా దానికి దొరికింది గాలే. ఆ సభని రికార్డు చేసినవాళ్ళ దగ్గర ఊరందరి నవ్వూ ఉండి ఉంటుంది, అమ్మమ్మది తప్ప.

చట్టం ఆ ఏడాది రాలేదు. కొట్టెయ్యనూ లేదు, మళ్ళీ చూద్దాం అని పక్కన పెట్టారు. లైబ్రరీ మేడం అందరికీ మిఠాయి పంచింది. అమ్మమ్మ తన వంతు తినలేదు. "తిను అమ్మమ్మా, గెలిచాం" అంటే, "గెలిస్తే వినిపించాలిగా" అంది. కొత్త కంప్యూటర్లోని కాపలాదారుడు ఎక్కడికీ పోలేదు. పాతది మాత్రం ఒక పొద్దున దగ్గింది, మూలిగింది, ఇంక లేవలేదు. మనవరాలు దాన్ని విప్పి, బల్ల మీద పరిచి, ముఖం వేలాడేసుకుంది. షాపులో ఉన్న పాతవి అప్పటికే అన్నీ అమ్ముడైపోయాయి, అలాంటివాటికి అంత గిరాకీ పుట్టింది.

పెళ్ళి వీడియోలాయన దగ్గర మాత్రం కాపలా లేని పాత మెషిన్ ఒకటుంది. అదే ఆయనకి అన్నం పెడుతోంది, అమ్మనంటే అమ్మనన్నాడు. కావాలంటే వచ్చి వినమన్నాడు.

రెండు బస్సులు మారి వెళ్ళారు. ఇరుకు గది, గోడ నిండా ఎవరెవరివో పెళ్ళిళ్ళు. ఆయన తను కూర్చునే కుర్చీ అమ్మమ్మకిచ్చి, పెన్‌డ్రైవ్ గుచ్చి, స్పీకర్లు ఆవిడ వైపు తిప్పాడు.

నవ్వు గది నిండా పడింది. ముందు కాస్త ఆగి, ముక్కులోంచి చిన్నగా, తర్వాత ఆపుకోలేక పైకి ఎగదన్ని, మధ్యలో ఊపిరందక తెగి, మళ్ళీ అందుకుని. వీడియోలాయన తనకి తెలీకుండానే పళ్ళు బయటపెట్టాడు. అమ్మమ్మ పెదాలు కదులుతున్నాయి. ఎక్కడ విడాలో అక్కడ విడుతున్నాయి, ఎక్కడ తెగాలో అక్కడ మూతపడుతున్నాయి. కళ్ళు మూసుకునే ఉంది. చూస్తే ఆవిడే నవ్వుతోందనిపించేలా ఉంది.

అయిపోయింది. బయట ఎవరో స్కూటర్ స్టార్ట్ చేస్తున్నారు.

"మళ్ళీ వెయ్యమంటారా పిన్నిగారూ?"

అమ్మమ్మ కళ్ళు తెరిచి స్పీకర్ల వైపు చూసింది, ఎవరో తెలిసినవాళ్ళు అక్కడ కూర్చుని లేచి వెళ్ళిపోయినట్టు.

"ఆ మధ్యలో ఊపిరి కొంచెం తొందరపడి తీసేశాను బాబూ" అంది. "ఇంకొక్క టేక్ ఇచ్చి ఉంటేనా..."